ఢిల్లీలో రైలుకీ రైలుకీ మధ్య పద్నాలుగు గంటలు: ఎలా గడపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మే రెండో వారంలో ఛార్‌ధామ్ వెళ్తున్నారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున 7:40కి న్యూఢిల్లీలో దింపుతుంది. హరిద్వార్‌కి మసూరీ ఎక్స్‌ప్రెస్ రాత్రి పది దాటాక, అదీ పాత ఢిల్లీ స్టేషన్ నుంచి. మీతో అమ్మానాన్న, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల పాప. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. బ్యాగులు ఆరు. ఎర్రకోట, కుతుబ్ మినార్, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్, ఇండియా గేట్ అని లిస్టు రాసుకున్నారు. రోజంతా కారు మాట్లాడుకోవాలా, మెట్రోలో తిరగాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ ఐదింట్లో ఇండియా గేట్ ఒక్కటే ఉంచి మిగతా నాలుగూ కొట్టేయండి. బ్యాగులు రాత్రి రైలు ఎక్కే స్టేషన్‌లో పొద్దున్నే పెట్టేయండి. స్నానం అక్కడే. తర్వాత మెట్రో ఎల్లో లైన్ పట్టుకుని బంగ్లా సాహిబ్ గురుద్వారా, ఆంధ్రా భవన్‌లో భోజనం, ఎండ మండే వేళ నేషనల్ మ్యూజియం, పొద్దు వాలాక ఇండియా గేట్. ఎనిమిదిన్నరకి మళ్లీ స్టేషన్. రోజంతా కారు అవసరం లేదు. మెట్రో స్టేషన్ నుంచి చూసే చోటికి ఆటో చాలు.

ఇది చెప్పడానికి నాకేం అర్హత అంటారేమో. విత్తనాల కంపెనీలో పనిచేసిన రోజుల్లో కాజీపేటలో ఈ బండే ఎక్కి ఏటా రెండు మూడుసార్లు ఢిల్లీ వెళ్లేవాణ్ణి. రిటైరయ్యాక మా కాలనీ పెద్దవాళ్లను హరిద్వార్, బదరీ వైపు తీసుకెళ్లడం అలవాటైంది. ఇప్పటికి ఏడు గుంపులు. ప్రతిసారీ ఢిల్లీలో ఇలాంటి పగలు ఒకటి మిగులుతుంది. దాన్ని పాడు చేసుకోవడం ఎలాగో కూడా నాకు బాగానే తెలుసు.

మొదటిసారి మా బావగారి కుటుంబంతో వెళ్లినప్పుడు అచ్చం మీ లిస్టే రాసుకున్నాం. పెద్ద కారు మాట్లాడుకున్నాం. కుతుబ్ మినార్ ఊరికి దక్షిణపు కొస. అక్షర్‌ధామ్ యమున అవతల, తూర్పున. లోటస్ టెంపుల్ కాల్కాజీ దగ్గర. ఎర్రకోట ఉత్తరాన. మ్యాపులో చూస్తే నాలుగు దిక్కులా నాలుగు చుక్కలు, మధ్యలో ఉన్నదంతా ట్రాఫిక్. ఆరోజు మేం కుతుబ్ దగ్గర నలభై నిమిషాలు, అక్షర్‌ధామ్ గేటు బయట క్యూలో గంటసేపు, మిగతా సమయమంతా కారులో ఉన్నాం. అక్షర్‌ధామ్‌లోకి ఫోన్లు, బ్యాగులు తీసుకెళ్లనివ్వరు, అన్నీ డిపాజిట్ చేయాలి. ఆ క్యూ, చెకింగ్ క్యూ దాటి లోపలికి వెళ్తే తీరిగ్గా చూడటానికి సగం పూట పడుతుంది. మేం క్యూలోంచే వెనక్కి వచ్చాం. ఎర్రకోట కారు అద్దంలోంచి చూపించాడు డ్రైవరు. మా బావ ఇప్పటికీ "ఢిల్లీ చూశాను" అనడు, "ఢిల్లీలో కూర్చున్నాను" అంటాడు.

ముందు రాత్రి రైలు సంగతి చూసి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేయండి. చాలామంది దిగిన స్టేషన్ నుంచి ప్లాన్ మొదలుపెడతారు. సామాను కూడా దిగిన చోటే పెడతారు. సాయంత్రం అలసిపోయాక ఆ సామాను కోసం న్యూఢిల్లీ వెళ్లి, దాన్ని మోసుకుంటూ పాత ఢిల్లీకి పరుగెత్తాలి. సరిగ్గా రద్దీ వేళలో. అదే పని పొద్దున ఎనిమిదికి చేస్తే దూరం నాలుగు కిలోమీటర్ల లోపే, ఒళ్లు కూడా తాజాగా ఉంటుంది. సామాను ముందు పోయి కూర్చుంటే, రాత్రి మనం ఖాళీ చేతులతో దాని దగ్గరికి వెళ్తాం.

ఈ లెక్కకి ముందు ఒక మాట. ఢిల్లీలో స్టేషన్ అంటే ఒకటి కాదు. న్యూఢిల్లీ, పాత ఢిల్లీ (టికెట్ మీద డెల్లీ జంక్షన్ అని ఉంటుంది), హజ్రత్ నిజాముద్దీన్, ఆనంద్ విహార్, సరాయ్ రోహిల్లా, కంటోన్మెంట్. టికెట్ మీద కోడ్ చూడండి: ఎన్‌డీఎల్‌ఎస్ అంటే న్యూఢిల్లీ, డీఎల్‌ఐ అంటే పాత ఢిల్లీ, ఎన్‌జెడ్‌ఎం అంటే నిజాముద్దీన్. మా గుంపులోనే ఒకాయన "డెల్లీ అంటే డెల్లీయే కదా" అని తిరుగు ప్రయాణంలో వేరే స్టేషన్‌కి వెళ్లి కూర్చున్నాడు. ఫోన్ చేసి పిలిపించేసరికి బండి కదలడానికి ఆరు నిమిషాలు ఉంది. ఆయన బీపీ సంగతి దేవుడెరుగు, నా బీపీ ఆరోజు మొదలైంది.

ఇప్పుడు వరసగా చెప్తాను.

న్యూఢిల్లీ స్టేషన్‌కి రెండు వైపులు ఉన్నాయి: పహార్‌గంజ్ వైపు, అజ్మేరీ గేట్ వైపు. మెట్రో అజ్మేరీ గేట్ వైపు ఉంది. కానీ ఆరు బ్యాగులు, మోకాళ్ల నొప్పులతో పొద్దున మెట్రో వద్దు. ప్రతి బ్యాగూ స్కానింగ్ మెషీన్‌లో వేయాలి, పైగా అది ఆఫీసులకు వెళ్లే వేళ. యాప్‌లో పెద్ద కారు బుక్ చేసి నేరుగా పాత ఢిల్లీ స్టేషన్‌కి వెళ్లండి. స్టేషన్ బయట ఎవరైనా దగ్గరికొచ్చి "మీ రాత్రి రైలు క్యాన్సిల్ అయింది, టూరిస్ట్ ఆఫీసుకి తీసుకెళ్తా" అంటే ఆగకుండా నడవండి. ఆ మాట నాతో కనీసం నాలుగుసార్లు అన్నారు. రైలు ఒక్కసారి కూడా క్యాన్సిల్ కాలేదు. అనుమానం ఉంటే మీ ఫోన్లో చూసుకోండి, లేదా లోపల ఎంక్వైరీలో అడగండి.

క్లోక్ రూమ్‌లో, అంటే స్టేషన్‌లో సామాను దాచే గదిలో, తాళం లేని బ్యాగు తీసుకోరు. ఇది రూలే. జిప్పు బ్యాగు, చేతి సంచి, తాడు కట్టిన అట్టపెట్టె ఏదైనా సరే, తాళం ఉండాల్సిందే. మా అత్తయ్య పచ్చళ్ల డబ్బాలు గోనెసంచిలో పెట్టి తాడుతో బిగించి తెచ్చింది. దానికి తాళం ఎలా వేయాలి? చివరికి దాన్ని రోజంతా మా తోడల్లుడు మోశాడు. మ్యూజియం దాకా ఆవకాయ వచ్చింది మాతో. కాబట్టి ఇంట్లో బయల్దేరేటప్పుడే ప్రతిదానికీ చిన్న తాళం వేసుకోండి. టికెట్, ఆధార్ అడుగుతారు. రసీదు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. మందులు, గొడుగులు, కళ్లజోళ్లు, పాపకి ఒక జత బట్టలు, నీళ్ల సీసాలు ఒక వీపు సంచిలో విడిగా పెట్టుకోండి. క్లోక్ రూమ్‌లో పెట్టాక "అయ్యో షుగర్ మాత్రలు అందులోనే ఉన్నాయి" అనడం ప్రతి గుంపులో ఒకరి వంతు.

స్నానానికి మూడు దారులు. కన్ఫర్మ్ టికెట్ పీఎన్‌ఆర్ మీద రిటైరింగ్ రూమ్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, కానీ యాత్రల సీజన్‌లో దొరకడం కష్టం. ఇప్పుడే ప్రయత్నించండి. రెండోది వెయిటింగ్ హాల్ బాత్‌రూమ్, ఆడవాళ్లకు అంత సౌకర్యం కాదు. మూడోది, పెద్దవాళ్లు ఉన్నప్పుడు నేను చేసేది: స్టేషన్ దగ్గర ఏదో ఒక మామూలు హోటల్లో ఒక గది పగటి పూటకి తీసుకోవడం. ఐదుగురికి ఒక గది చాలు. డబ్బు దండగ అనిపిస్తుంది. కానీ ఇరవై ఐదు గంటల రైలు తర్వాత స్నానం చేసి, మీ నాన్నగారు గంటసేపు నడుం వాల్చాక, ఆ మనిషే వేరు. పైగా మధ్యాహ్నం ఎవరికైనా ఓపిక అయిపోతే వెనక్కి రావడానికి ఒక చోటు ఉంటుంది. గది తీసుకుంటే క్లోక్ రూమ్ కూడా అక్కర్లేదు, సామాను అక్కడే ఉంటుంది. రాత్రి దాకా ఉంచుకోనిస్తారా అని ముందే అడిగి మాట తీసుకోండి.

పదిన్నర దాకా బయటికి రాకండి. ఆఫీసు రద్దీ తగ్గాక చాందినీ చౌక్ మెట్రోలో ఎక్కండి, పాత ఢిల్లీ స్టేషన్‌కి అదే మెట్రో. అక్కణ్ణుంచి నాలుగో స్టేషన్ పటేల్ చౌక్. మధ్యలో చావ్‌రీ బజార్, న్యూఢిల్లీ, రాజీవ్ చౌక్ వస్తాయి. రోజంతా మీకు ఈ ఒక్క లైనే, ఎక్కడా మారే పనిలేదు. లిఫ్టులు అన్నిచోట్లా ఉన్నాయి, నాన్నగారితో ఎస్కలేటర్ మీద ప్రయోగాలు వద్దు. మొదటి పెట్టె ఆడవాళ్లది. అలా విడివిడిగా ఎక్కేటట్టయితే ఎక్కడ దిగాలో ముందే అనుకోండి.

పటేల్ చౌక్ నుంచి ఆటోలో బంగ్లా సాహిబ్. ఇది మీ లిస్టులో లేదు, కానీ నా లెక్కలో ఢిల్లీలో సగం పూట గడపడానికి దీన్ని మించింది లేదు. టికెట్ లేదు, సెలవు లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. చెప్పులు పెట్టే చోట, తల మీద వేసుకునే గుడ్డ దగ్గర ఎవరూ డబ్బు అడగరు. ఒకప్పుడు ఇది రాజా జైసింగ్ బంగ్లా, ఆ పేరే నిలిచిపోయింది. సిక్కుల ఎనిమిదో గురువు హర్ కిషన్ 1664లో ఇక్కడ బస చేశారు. అప్పుడు ఊళ్లో మశూచి, కలరా. ఈ బావి నీళ్లతో రోగులకు సేవ చేశారని సిక్కులు చెప్పుకుంటారు. చివరికి ఆయన్నీ మశూచి తీసుకెళ్లింది, ఎనిమిదేళ్లు కూడా నిండకుండా. మీ పాపకి ఇది చెప్పండి. తనకన్నా చిన్నపిల్లవాడి పేరు మీద ఇంత పెద్ద కొలను, ఇంతమందికి భోజనం అంటే పిల్లలు కళ్లు పెద్దవి చేసి చూస్తారు. మే నెలలో పాలరాయి కాలుతుంది, పరిచిన పట్టాల మీదే నడవండి.

అక్కడ వంటశాలలోకి వెళ్లి ఎవరైనా సేవ చేయొచ్చు. పైన చెప్పిన మా అత్తయ్యే, ఆవకాయ గోనెసంచి మనిషి, లోపల ఆడవాళ్లు రొట్టెలు ఒత్తుతుంటే చూస్తూ నిలబడింది. ఒకామె పక్కకి జరిగి చోటిచ్చింది. భాష రాదు, రొట్టెలు చేయడం అంతకన్నా రాదు, మావి అన్నం తినే ఇళ్లు. గంటసేపు కూర్చుంది. మేం పిలిస్తే రాలేదు. కేదార్, బదరీ అన్నీ తిరిగి ఇంటికొచ్చాక వీధిలో అందరికీ ముందు చెప్పింది ఆ రొట్టెల సంగతే. అప్పటినుంచి నేను ఈ చోటికి మిగతా అన్నింటికన్నా ఎక్కువ సమయం ఇస్తున్నాను.

ఓపిక ఉంటే దగ్గర్లోనే గోల్ మార్కెట్ వైపు టీటీడీ వారి వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఇంకాస్త ముందుకెళ్తే బిర్లా మందిర్. అమ్మగారు దైవదర్శనం చేయనిదే తిననంటే మాత్రం ఇటు వెళ్లండి. మధ్యాహ్నం గుడి మూసే వేళలు ఉంటాయి కాబట్టి గురుద్వారా కన్నా ముందే దీన్ని పెట్టుకోవాలి. అలాంటి పట్టుదల ఏమీ లేకపోతే వదిలేయండి, వెళ్తున్నదే బదరీనాథుడి దగ్గరికి.

భోజనం ఆంధ్రా భవన్ క్యాంటీన్. అశోకా రోడ్డు, ఆటోవాళ్లందరికీ తెలుసు. పన్నెండున్నరలోపు చేరండి. ఒంటిగంట దాటితే పక్క ఆఫీసులవాళ్లు, సుప్రీంకోర్టు లాయర్లు, యూపీఎస్సీ కోచింగ్ పిల్లలు అందరూ అక్కడే ఉంటారు. టోకెన్ పట్టుకుని, తినేవాళ్ల కుర్చీ వెనక నిలబడి ఎదురుచూడాలి. పెద్దవాళ్లతో అది ఇబ్బంది. అన్నం, పప్పు, కూర అడిగినంత వడ్డిస్తారు. కందిపొడి, నెయ్యి ఉంటాయి. ఆదివారమైతే బిర్యానీ కోసం సగం ఢిల్లీ వస్తుంది, ఆరోజు ఇంకా తొందరగా వెళ్లాలి. రెండు రాష్ట్రాల మధ్య భవన్ ఆస్తుల పంపకం ఏళ్లతరబడి సాగింది కానీ, కందిపొడి దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. ఇంత దూరం వచ్చి మన అన్నమే తినాలా అనే పిల్లలుంటారు. నిజమే, ఒంటరిగా వస్తే నేనూ పరాఠాలకే పోతాను. కానీ మర్నాటి నుంచి పది పన్నెండు రోజులు కొండల్లో రొట్టెలు, రాజ్మా, మ్యాగీ. అమ్మానాన్నకి ఈ పూట పెరుగన్నం ఎంత విలువైందో మీకు జోషీమఠ్‌లో తెలుస్తుంది.

తర్వాత మూడు గంటలు ఎండ. మేలో ఢిల్లీ నలభై దాటుతుంది, వడగాడ్పు వీస్తుంది. ఈ వేళ కుతుబ్ దగ్గరో ఎర్రకోట లోపలో రాళ్ల మీద నడిపించారంటే యాత్ర మొదలవకముందే జ్వరం. నేషనల్ మ్యూజియం జనపథ్ మీద ఉంది, ఆంధ్రా భవన్ నుంచి ఆటోలో కొద్ది నిమిషాలు. చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుంటుంది. అంతా చూడాలని పెట్టుకోకండి, చూడలేరు. హరప్పా గది చూడండి. మొహెంజొదారో నర్తకి బొమ్మ అక్కడే ఉంది. పాఠ్యపుస్తకంలో చూసి పెద్ద విగ్రహం అనుకుంటాం, తీరా చూస్తే 10.5 సెంటీమీటర్లు. పాప నమ్మదు. తర్వాత నాగార్జునకొండ శిల్పాలు ఎక్కడున్నాయో అడిగి చూడండి. సాగర్ డ్యామ్ నీళ్లలో మునిగిపోయిన లోయ నుంచి వచ్చిన రాళ్లు. మీ నాన్నగారి వయసువాళ్లకి ఆ డ్యామ్ కట్టిన రోజులు గుర్తుంటాయి, ఆయనే కథ మొదలుపెడతారు. ఇక చాలు, ఎక్కడైనా బెంచీ చూసుకుని కూర్చోండి.

సోమవారం అయితే ఈ ప్లాన్ మారుతుంది. మీరు ఢిల్లీలో దిగేది వారంలో ఏ రోజో రాయలేదు. సోమవారం నేషనల్ మ్యూజియం సెలవు. ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ కూడా సెలవే. ఒకసారి నేను ఈ సంగతి మరిచిపోయి పదకొండు మందిని మ్యూజియం గేటు దాకా తీసుకెళ్లాను. తప్పు పూర్తిగా నాదే. ఆరోజు గదికి తిరిగొచ్చి అందరం నిద్రపోయాం. నిజం చెప్పాలంటే ఆ గుంపే కొండల్లో అందరికన్నా హుషారుగా తిరిగింది. కాబట్టి సోమవారమైతే మొహమాటం లేకుండా నిద్రపోండి. నిద్ర పట్టనివాళ్లు కన్నాట్ ప్లేస్ దగ్గర బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో ఉన్న రాష్ట్రాల ఎంపోరియాలు తిరగొచ్చు. అసలు ప్రభుత్వ ఎంపోరియాలు ఆ రోడ్డు మీదే ఉన్నాయి. ఆటోవాళ్లు "గవర్నమెంట్ షాపు, ఐదు నిమిషాలు చూస్తే చాలు" అని తీసుకెళ్లేవి కమీషన్ దుకాణాలు. కొనకపోతే దిగులేమీ లేదు కానీ అరగంట పోతుంది.

ఐదున్నర తర్వాత ఇండియా గేట్. దీనికి టికెట్ లేదు, ఎటు చూసినా ఖాళీ స్థలం, పిల్లలు పరిగెత్తొచ్చు. అందరూ గేటు ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు రెండు చూడండి. ఒకటి, గేటు వెనక గొడుగులాంటి మండపంలో నల్లరాతి నేతాజీ విగ్రహం. 28 అడుగులది, 2022 సెప్టెంబరులో ఆవిష్కరించారు. ఆ రాయి మన ఖమ్మం నుంచి వచ్చింది. 280 టన్నుల బండని వంద అడుగుల పొడవు, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు తెచ్చారు. అంటే ఇంచుమించు మీరు రైల్లో వచ్చినంత దూరం. రెండోది, దాని వెనకే ఉన్న జాతీయ యుద్ధ స్మారకం. 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు. గుండ్రంగా తిరిగే గోడల్లో ఒక్కొక్క ఇటుక మీద ఒక్కొక్క సైనికుడి పేరు. 2020లో గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు పేరు కూడా చెక్కారు. పోయినసారి మా గుంపులో ఒక పెద్దాయన, ఆర్మీలో పనిచేసినవాడు, తనతో పనిచేసిన జవాను పేరు వెతికి పట్టుకున్నాడు. ఫొటో తీయమంటే వద్దన్నాడు, కాసేపు వేలు ఆనించి నిలబడ్డాడు. ఇక్కడ తొందర పెట్టకండి. పెద్దవాళ్లకి నడక ఎక్కువ అనిపిస్తే స్మారకం ఒక్కటే చూసి గడ్డిలో కూర్చోబెట్టండి.

ఆరు నుంచి ఏడున్నర దాకా మెట్రో వైపు పోవద్దు, రాజీవ్ చౌక్‌లో ఆ వేళ మనల్ని ఎక్కించేదీ దింపేదీ జనమే. ఏడున్నర దాటాక ఆటోలో సెంట్రల్ సెక్రటేరియట్, అక్కణ్ణుంచి ఐదో స్టేషన్ చాందినీ చౌక్.

చాందినీ చౌక్‌లో తిరగాలా వద్దా అంటే, నేనైతే మీరూ పాపా ఇద్దరే వెళ్లమంటాను. పగలు తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎర్రకోట నుంచి ఫతేపురి దాకా మోటారు బళ్లు రానివ్వరు. రిక్షా మాట్లాడుకుని ఆ వీధి చివర దాకా వెళ్లి, లైట్లలో ఎర్రకోట గోడ బయటి నుంచి చూసి, ఒక ప్లేటు జిలేబీ తిని వెనక్కి రండి. ముప్పావు గంట చాలు. దారిలో శీష్‌గంజ్ గురుద్వారా కనిపిస్తుంది. 1675లో తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ తల తీసిన చోటు. పొద్దున మీరు చూసిన ఎనిమిదో గురువు తర్వాతి గురువు ఆయనే. అమ్మానాన్నని ఆ జనంలోకి లాగకుండా గదిలోనో వెయిటింగ్ హాల్లోనో కూర్చోబెట్టండి.

ఇక కొన్ని హెచ్చరికలు.

రైలు లేటైతే? మేలో ఫర్వాలేదు, గంట అటూఇటూ. ఇదే ప్రయాణం డిసెంబరు చివర, జనవరిలో అయితే పొగమంచుకి నాలుగైదు గంటలు లేటు మామూలే. అప్పుడు వెనక నుంచి లెక్క ఉపయోగపడుతుంది. రాత్రి రైలు కదలదు, సామాను చోటు కదలదు, మధ్యలోవి ఒక్కొక్కటి తీసేస్తూ పోవడమే. ముందు మ్యూజియం తీసేయండి, తర్వాత ఇండియా గేట్. స్నానం, భోజనం మాత్రం తీయకండి. ఇంకో సంగతి: రెండు రైళ్ల పీఎన్‌ఆర్‌లు లింక్ చేసే సౌకర్యం 2019 నుంచి ఉంది. రెండు టికెట్లలో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి బండి లేటై రెండోది తప్పిపోతే క్యాన్సిలేషన్ ఛార్జీలు లేకుండా ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఇప్పుడే చేసి పెట్టుకోండి, ఖర్చేమీ లేదు.

ఇది చదివే ఇంకొకరికి రాత్రి రైలు నిజాముద్దీన్ నుంచి ఉండొచ్చు. వాళ్లకి నా ప్లాన్ మొత్తం పనికిరాదు. వాళ్లు సామాను నిజాముద్దీన్‌లో పెట్టి, పక్కనే ఉన్న హుమాయూన్ సమాధి, దాన్ని ఆనుకుని సుందర్ నర్సరీ తోట చూసుకోవాలి. రెండిటికీ కలిపి సగం రోజు, రోడ్డెక్కే పనే లేదు. హుమాయూన్ సమాధి వారమంతా తెరిచే ఉంటుంది. చలికాలం ఎండలో ఆ తోటలో దుప్పటి పరుచుకుని పడుకోవడం నాకు తెలిసిన మంచి ఢిల్లీ పగళ్లలో ఒకటి.

విమానాల మధ్య ఆగేవాళ్లకి ఇంకో లెక్క. మధ్యలో ఆరు గంటలకన్నా తక్కువుంటే బయటికి రావద్దు. దిగడం, మళ్లీ చెకింగ్, టెర్మినల్ మారడం అన్నీ పోతే మిగిలేది గంటన్నర. ఎనిమిది తొమ్మిది గంటలుంటే మూడో టెర్మినల్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ చేరుస్తుంది. దానికన్నా ఒక స్టేషన్ ముందు శివాజీ స్టేడియంలో దిగితే బంగ్లా సాహిబ్ దగ్గరే. లేదంటే కుతుబ్ మినార్, ఎయిర్‌పోర్టుకి అదే దగ్గర. మీ లిస్టులోంచి నేను కుతుబ్ కొట్టేసింది అది బాగుండదని కాదు, మీ స్టేషన్‌కి అది తప్పు దిక్కున ఉందని. 72 మీటర్ల పైచిలుకు మినార్, దాని పక్కన పదహారు వందల ఏళ్ల ఇనుప స్తంభం తప్పకుండా చూడాల్సినవే. తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి ఢిల్లీలో ఆగుతున్నారా? ఆగితే మర్నాడు పొద్దున్నే తెరవగానే వెళ్లండి, గుంపులు రాకముందు.

రాత్రికి తొమ్మిదిన్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండండి. పాత ఢిల్లీలో ప్లాట్‌ఫారాలు చాలా ఉన్నాయి, ఆఖరి నిమిషంలో నంబరు మారిస్తే నాన్నగారితో మెట్లెక్కి దిగడం కష్టం. ఒక కూలీని ముందే మాట్లాడి పెట్టుకోండి, రేటు తేల్చుకున్నాకే బ్యాగు ఎత్తనివ్వండి. బండి ఎక్కగానే అందరూ ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. హరిద్వార్ తెల్లవారుజామునే వచ్చేస్తుంది, బండి మాత్రం డెహ్రాడూన్ దాకా పోతుంది. రెండు ఫోన్లలో అలారం పెట్టుకోండి.